వీధికి అడ్డంగా అమ్మ చీర

బోటాటౌంగ్, యాంగాన్
2021 మార్చి 20, శనివారం

అమ్మ పాదాలకు మల్లిక దండాలు పెట్టి రాసుకునేది.

నాన్నా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ ట్వంటేలో నువ్వూ దేముడమ్మ అమ్మమ్మా కూడా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అమ్మమ్మ తుంటి ఎముక అతుక్కుందనీ, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోందనీ నువ్వు రాసిన ముక్క నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. "ముసిల్దానికి మనందరికంటే గట్టి ఎముకలున్నాయే" అన్నాడు. సంతోషంతోనే అన్నాడులే, అమ్మమ్మకు చెప్పకు.

నీ ఉత్తరం బుధవారం నాడు సన్యాసి మావయ్య నది అవతల దలా నుంచి వచ్చే పడవ దిగి తిన్నగా మనింటికే తెచ్చి ఇచ్చాడు. రేవులో సైనికులు సంచి విప్పించారట. కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, ఇదేం రాత అని అడిగారట. "మా ఆడోళ్ళు కూరల పేర్లు రాసుకుంటారండి" అని చెప్పి బయటపడ్డాడట. గుడిలో ఆదివారం బడికి పోనని నేను ఏడ్చినప్పుడల్లా చెవి మెలిపెట్టి జగదీశ్వరరావు మేష్టారి ముందు కూర్చోబెట్టేదానివి. ఈ ఊళ్ళో ఈ అక్షరాలు ఎవరికి పనికొస్తాయని నీతో వాదించాను. ఇప్పుడు సైన్యం గద్దెనెక్కాక ఫోన్లు వింటున్నారు, ఇంటర్నెట్ కోసేశారు, ఈ అక్షరాలే మిగిలాయి. ఒత్తులు తప్పితే క్షమించు, మేష్టారు నాకు ఒత్తుల దాకా నేర్పి వదిలేశారు.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు.

చీకటి పడకముందే కింద గేటుకు తాళం వేస్తున్నాం. సందులో వాళ్ళందరూ వంతులు వేసుకుని కాపలా కాస్తున్నారు. నాన్న వంతు మంగళవారం. నాన్న కిళ్ళీలు తగ్గించాడా అని అడిగావు. కిళ్ళీ కొట్టు సగం రోజు మూసేస్తున్నారు కాబట్టి కిళ్ళీలు తగ్గాయి, నాన్న మాత్రం తగ్గించలేదు. గోడౌనుకు ఫిబ్రవరి నుంచి ఎవరూ పోవడం లేదు, ఓడలూ రావడం లేదు. లెక్కపెట్టడానికి బస్తాలు లేక నాన్న వరండాలో కూర్చుని మనింటి కిందగా పోయే వాళ్ళను లెక్కపెడుతున్నాడు. తులసి బతికే ఉంది. పాల పొడి దొరకడం లేదు గానీ బియ్యం ఉన్నాయి. దో ఖిన్ న్యో ఆంటీ ఎదురింటి వరండాలోంచి రోజుకు మూడుసార్లు అరిచి మరీ తిన్నావా అని అడుగుతుంది, నువ్వు చెప్పి వెళ్ళినట్టే.

నీ ఇత్తడి బిందెకు సొట్ట పడిన సంగతి సన్యాసి మావయ్య చెప్పేశాడన్నమాట. ఆయన కడుపులో మాట దాగదు. రాత్రి ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలు మోగిస్తోంది కదా, దయ్యాన్ని తరిమినట్టు. మొదటి రెండు రోజులూ నాన్న తలుపేసుకుని కూర్చున్నాడు. "మనకెందుకే? ఈల్లూ ఈల్లూ ఏటో పడతారు, మజ్జిలో కలా వోడని మనల్ని ఏసేస్తారు" అన్నాడు. ఇండియా వాడని తాతను కలా అని పిలుస్తూ రేవులో బస్తాలు మోయించిన నాటి నుంచీ ఇంట్లో ఇదే మాట కదా. మూడో రోజు నేను గరిటెతో మూకుడు కొడుతుంటే, అది చప్పుడా, దోమలు తోలుతున్నావా అని విసుక్కుని నీ బిందె తీసుకొచ్చి అప్పడాల కర్రతో మొదలుపెట్టాడు. కాబట్టి ఆ సొట్ట నాన్నది. నా మీద వెయ్యకు.

ఆఖరి ప్రశ్నకు వచ్చాను. "కొత్త అమావాస్యకి నూకాలమ్మ ఘటం నేనే ఎత్తాల. శుక్రవారం పడవకి వచ్చేస్తాను. పెట్టిలో అమ్మోరి చీర తీసి నీడపట్టున ఆరబెట్టు" అని రాశావు.

అమ్మా, శుక్రవారం రావద్దు. ఎందుకో చెప్తాను. ఒక్కసారిగా చెప్పడం నా వల్ల కాదు, నెమ్మదిగా చెప్పనియ్యి. ఎవరికీ ప్రాణానికి ఏమీ కాలేదు, ముందే చెబుతున్నాను, నువ్వు మధ్యలో కాగితం వదిలేసి ఏడవకుండా.

ఈ నెల ఎనిమిదిన జరిగింది. నీకు తెలిసిందే కదా, నాన్న లుంగీ ఆరేసిన తీగ మీద నువ్వు తెలియక తన తమెయిన్, ఆ ఆడవాళ్ళ లుంగీ, వేశావని దో ఖిన్ న్యో ఆంటీ ఒకసారి ఎంత గోల చేసిందో. ఆడదాని నడుముకు కట్టిన బట్ట కింద నుంచి నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని ఈ ఊరి నమ్మకం. ఆ నమ్మకాన్నే ఆడవాళ్ళు ఇప్పుడు వీధులకు కాపలా పెట్టారు. ఒక వరండా నుంచి ఎదురు వరండాకు తాళ్ళు కట్టి వాటి నిండా తమెయిన్లు వేలాడేస్తే సైనికులు కింద నుంచి రావడానికి జంకుతున్నారు. మన సందులో కూడా కట్టారు. ఆంటీ కూతురు మ సూ ఇల్లిల్లూ తిరిగి పోగు చేసింది. నావి రెండు ఇచ్చాను.

మనింటి వైపుకు వచ్చేసరికి తాడూ అయిపోయింది, బట్టలూ అయిపోయాయి. మ సూ కింద నుంచి కేకేసింది. "మీ అమ్మ కట్టుకునే పొడుగు బట్ట ఉంటుందిగా, ఒక్కటుంటే సందుకు సరిపోతుంది, తాడు కూడా అక్కర్లేదు" అంది. నీ మిగతా చీరలు నువ్వు పట్టుకుపోయావు. పెట్టెలో ఒక్కటే ఉంది. పొరపాటున తీశానని రాద్దామని ఇప్పటికి మూడు కాగితాలు చింపాను. పొరపాటున తీయలేదమ్మా. నాన్నమ్మ కట్టి నీకిచ్చిన చీరని తెలిసే, అమ్మవారి చీరని తెలిసే తీశాను.

ఎందుకు తీశానంటే చెప్పగలను. ఈ సందులో పుట్టి ఇరవై ఏళ్ళు పెరిగాను. పండక్కి వాళ్ళు నీళ్ళు చల్లితే తడిశాను, వాళ్ళ బడిలో చదివాను. అయినా ఏదైనా గొడవ వచ్చిందంటే మనం తలుపేసుకుంటాం, వాళ్ళూ మన తలుపు తట్టరు. ఆ రోజు తట్టారు. మన దగ్గర ఉన్నదేదో కావాలన్నారు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చీర తీసుకొస్తే ఆడవాళ్ళలో పెద్ద వాదన మొదలైంది. తమెయిన్ అయితే పని చేస్తుంది, ఇది పని చేస్తుందా, ఇందులో సగం భుజం మీద కదా ఉంటుంది అని. దో ఖిన్ న్యో ఆంటీ తేల్చేసింది: "నడుముకు చుట్టిందేగా? సైనికుడు కొలిచి చూస్తాడా?" అందరం పడీ పడీ నవ్వాం. మన వరండా ఊచకు ఒక కొస, ఆంటీ వాళ్ళ ఊచకు ఇంకో కొస కట్టాం. పసుపు రంగు మీద ఎర్రంచు, గాలికి పొంగితే సందంతా వెలుగొచ్చింది. మన మల్లిక చీర అన్నారమ్మా. "మన" అన్నారు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

నాన్న టీ కొట్టు నుంచి వచ్చి తలెత్తి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏటే ఇది? మీ అమ్మ అమ్మోరి చీర కదే గుంటా! రేపు పొద్దుగాల ఇప్పీసి మడత పెట్టకపోతే నీ కాళ్ళిరగ్గొడతాను" అన్నాడు. సరేనన్నాను.

పొద్దున్న ఏడింటికి, మేము విప్పకముందే సైనికులు వచ్చారు. సందు మొదట్లో బండి ఆపి ఇరవై మంది దిగారు. తాళ్ళ కింద నుంచి రాలేదు. ఇళ్ళలోని మగవాళ్ళను దింపి, కర్రలతో తమెయిన్లు లాగించి కుప్ప పోయించారు. ఎవరివని అడిగితే ఎవరూ చెప్పలేదు. నలభై తమెయిన్లలో ఏది ఏ ఇంటిదో కట్టుకున్న వాళ్ళకే తెలియదు. అలా ఒక్కొక్క తాడూ తెంపుకుంటూ మనింటి ముందుకు వచ్చారు. వాళ్ళ ఆఫీసరు తలెత్తి చూసి, "ఇది కలా వాళ్ళ బట్ట. ఈ సందులో కలా ఇళ్ళు ఎన్ని?" అని అడిగాడు.

అప్పుడు తెలిసిందమ్మా నేనేం చేశానో. నేను కట్టింది చీర కాదు, మనింటి పేరు రాసిన బోర్డు.

కట్టుకునే ఆడదాన్ని దింపండి, బండెక్కించాలి అన్నాడు. నాదేనని చెబుదామని మెట్ల వైపు కదిలాను. ఒట్టు, కదిలాను. నాన్న నా భుజం పట్టుకుని వెనక్కి నెట్టాడు. "ఒలే, నోరిప్పావంటే నానే సంపేస్తాను" అని మెల్లగా అని, చెప్పులు కూడా వేసుకోకుండా దిగిపోయాడు. వరండాలోంచి చూస్తున్నాను. రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆఫీసరుతో బర్మా భాషలో చెప్పినదంతా నాకు వినబడింది.

"అది నా భార్యదండి. నా భార్య చనిపోయింది. ట్వంటేలో, మొన్ననే. మా మతంలో పోయిన ఆడదాని కట్టుబట్ట పది రోజులు ఇంటి ముందు వీధికి అడ్డంగా కడతాం, తన ఇల్లేదో ఆమెకు తెలియాలి కదండి. పది రోజుల లోపల ఎవరు దాన్ని ముట్టుకుంటే ఆమె వాళ్ళ వెంట పోతుంది. మీరు పెద్దవాళ్ళు, విప్పమంటే విప్పుతాను."

ఇలాంటి ఆచారం మన ఏడు తరాల్లో లేదు. మోకాళ్ళ మీద కూర్చున్నంత సేపట్లో ఎలా పుట్టించాడో నాకు తెలియదు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. ఆ ఏడుపు మాత్రం పుట్టించింది కాదు.

ఆఫీసరు పక్కకు తిరిగాడు. పక్కన మన వార్డు పెద్ద ఊ టిన్ ష్వే ఇళ్ళ పేర్ల పుస్తకం పట్టుకుని ఉన్నాడు. వాళ్ళు చెప్పినట్టల్లా ఆడతాడని సందులో అందరూ ఆయన్ని చూసి ముఖం తిప్పుకుంటున్నారు, నేనూ తిప్పుకున్నాను. జనవరిలో నువ్వు ట్వంటే వెళ్ళేటప్పుడు నీ కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే, ఎందుకు వెళ్ళావో ఆయనకు తెలుసు. నిజమేనా అని ఆఫీసరు అడిగాడు. ఆయన నాన్న వైపు కాసేపు చూశాడు. "నిజమేనండి, నిన్ననే కబురొచ్చింది. పుస్తకంలో ఇంకా దిద్దలేదు" అన్నాడు. అని, అక్కడే జేబులోంచి పెన్ను తీసి దిద్దాడు.

అమ్మా, మన వార్డు పుస్తకంలో నువ్వు ఈ నెల ఏడో తారీకున చనిపోయావు. నేను నీకు చెప్పలేకపోయినది ఇదే.

చీరను ఎవరూ ముట్టుకోలేదు. దాని కింద నుంచి ఒక్కడూ నడవలేదు. తమెయిన్ల కుప్పకు సందు మొదట్లో నిప్పు పెట్టి, పది రోజులయ్యాక వచ్చి చూస్తానని చెప్పి ఆఫీసరు వెళ్ళిపోయాడు. ఆ పది రోజులూ పక్క సందుల్లోకి వచ్చారు, మనుషుల్ని పట్టుకుపోయారు. మన సందులోకి మాత్రం రాలేదు. నీ ఒక్క చీర నలభై ఇళ్ళను కాసింది. ఇది రాస్తే నీ కోపం కాస్త తగ్గుతుందేమోనని ఆశ.

ఇక అబద్ధం ఆడాక దాన్ని మొయ్యాలి కదా. నువ్వు పోయావని సందులో అందరూ పరామర్శకు రావలసి వచ్చింది. మైల ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని నాన్న మరో ఆచారం చెప్పేసరికి పది రోజులూ ఇంటింటి నుంచీ చేప సేమ్యాల మొహింగా గిన్నెలు వచ్చాయి. మొదటి రోజు వాళ్ళకు నవ్వు ఆగలేదు, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఏమైందో, ఒక్కొక్కరూ నిజంగానే మాట్లాడడం మొదలుపెట్టారు. పై అంతస్తు దర్జీ ఆవిడ, తన పిల్లకు డెంగ్యూ వచ్చినప్పుడు నువ్వు ఆసుపత్రిలో మూడు రోజులు కూర్చున్న సంగతి చెప్పింది. మాకెప్పుడూ చెప్పలేదేమమ్మా నువ్వు? నాన్నకు కూడా తెలియదు. దో ఖిన్ న్యో ఆంటీ అయితే కుళాయి గొడవ ఎత్తింది. ఇన్నేళ్ళూ తను ఒక బిందె ఎక్కువే పట్టుకునేదట, నువ్వు చూసీ చూడనట్టు ఊరుకునేదానివట. అది చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆంటీ, అమ్మ బతికే ఉంది" అని చెవిలో అన్నాను. "తెలుసులేవే, మళ్ళీ ఇంత బాగా ఏడవడానికి నాకు వీలు దొరుకుతుందా" అని ముక్కు చీది మళ్ళీ ఏడ్చింది.

నవ్వనిది నాన్న ఒక్కడే. ఆ రోజు నుంచీ అన్నం ముద్ద నోట్లో పెట్టి అలాగే ఉండిపోతున్నాడు. ఏమిటి నాన్నా అంటే, "తథాస్తు దేవతలు తిరుగుతారే. ఏ గడియలో అనీసినానో. నిన్ను కాద్దామని ఈ నోటితోనే దాన్ని సంపేసినాను" అన్నాడు. ఫోను చేద్దామంటే చెయ్యనివ్వలేదు. "సచ్చిపోనాదని సెప్పి దానితో ఫోన్లో ఏటి మాటాడతావు? వింటన్నారే" అన్నాడు. నీ ఉత్తరం వచ్చినప్పుడు ముందు తారీకు చూశాడు. పద్నాలుగు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, "నాను అన్న తరవాతే రాసింది" అని గోడకు జారబడి కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ లేచి, "పద్నాలుగు తరవాత ఏటైనా అయ్యుంటే?" అన్నాడు. ఆయన్ని నేను ఇలా ఎప్పుడూ చూడలేదు.

పదో రోజు ఆఫీసరు నిజంగానే వచ్చాడు. అందుకని నాన్న సందు మధ్యలో ముక్కాలిపీట వేసుకుని గుండు గీయించుకున్నాడు. మీసం కూడా పోయింది. నీకు పెళ్ళి చూపుల్లో నచ్చిందని చెప్పుకుని తిరిగే ఆ మీసమే. తర్వాత చీర విప్పి, నదిలో కలపాలని చెప్పాడు గనక, సైనికులు దూరంగా వెంట వస్తుంటే ఇద్దరం రేవుకు నడిచి వెళ్ళి కలిపేశాం. నేను నీళ్ళలోకి దిగి వదిలాను. ఎర్రంచు చాలాసేపు కనిపించింది. నాన్నమ్మ చీర, అమ్మవారి చీర, నీ చీర, నా చేతులతో వదిలాను. దీనికి నన్ను క్షమించమని అడగను. నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

ఇక నువ్వు ఇంటికి ఎలా రావాలన్నదే అందరి బాధ. పుస్తకంలో లేని మనిషి ఇంట్లో దొరికితే నాన్ననీ పట్టుకుపోతారు, అబద్ధాన్ని రాసిన ఊ టిన్ ష్వేనీ పట్టుకుపోతారు. దో ఖిన్ న్యో ఆంటీ ఒక ఉపాయం చెప్పింది. నాలుగైదు నెలలాగి నువ్వు నాన్నకు రెండో పెళ్ళాంగా రావాలట. వాళ్ళ కళ్ళకు చీర కట్టిన ఆడవాళ్ళందరూ ఒక్కలాగే ఉంటారు కదా, కొత్త పేరుతో ఊ టిన్ ష్వే రాసుకుంటాడట, సందులో పెళ్ళి భోజనం కూడా పెట్టాలట. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న లేచి నిలబడి, "నాకు మరో పెళ్ళి వద్దు. నా ఆడదాని చోట ఇంకోత్తి రాడానికి వల్లకాదు" అని కోపంగా లోపలికి పోయాడు. ఆ ఇంకొకత్తె నువ్వేనని ఆయనకు నచ్చజెప్పడానికి నాకు అరగంట పట్టింది.

అమ్మా, నువ్వు లేకుండా ఈ ఇల్లు బాగోలేదు. పొద్దున్న లేస్తే ఎవరూ అరవరు. నా వల్ల నీ ఇంటికే నువ్వు రాలేకపోతున్నావు. కొత్త అమావాస్యకు అక్కడే ట్వంటేలో, ఏ చీరతోనైనా సరే, అమ్మవారికి దణ్ణం పెట్టుకో. ఆవిడ చీర ఆవిడే పట్టుకుపోయిందని నాన్న అంటున్నాడు. నీకు అలా అనిపిస్తుందో లేదో నాకు తెలియదు.

ఈ ఉత్తరం సన్యాసి మావయ్య నీ చేతికి ఇచ్చేసరికి నాన్న ట్వంటే కాలవ రేవు పక్కన టీ కొట్లో కూర్చుని ఉంటాడు. అవును, వచ్చాడు. రేపటి పడవకు తిరిగి వచ్చేస్తాడు. ఆ గుండుతో ఒక్కసారిగా గుమ్మంలో నిలబడితే మీరేమనుకుని గుండెలు బాదుకుంటారోనని ముందు ఉత్తరం పంపమన్నాడు. ముఖం చూపించడానికి సిగ్గు కూడా ఉంది, చెప్పడు. కళ్ళతో చూస్తే గానీ నమ్మలేనన్నాడు. చూస్తే చాలదమ్మా, నాకు తెలుసు. నన్ను తర్వాత తిట్టుకుందువుగాని, నాకేం తొందర లేదు. ముందు రేవుకు వెళ్ళి ఆయన్ని తిట్టు. నేను చచ్చానంటావా అని పదిమందీ తిరిగి చూసేలాగా, గొంతెత్తి తిట్టు. పన్నెండు రోజులుగా అది వినడానికే బతికున్నాడు.

ఇట్లు,
నీ చీర తీసిన కూతురు,
మల్లిక